చెరువు కట్ట మీద కుండలు, మాల్‌లో కుండలు

సందేహం: నేను కాన్సెప్చువల్ ఆర్టిస్టుని, అంటే ఒక ఆలోచనను వస్తువులతో చూపించే కళాకారుణ్ని. ఎండిపోతున్న మా చెరువు గురించి జనం మాట్లాడుకోవాలని 2024 మార్చి 22న కట్ట మీద 365 మట్టి కుండలు తాళ్లతో వేలాడదీశాను. ఒక్కో కుండ మీద బస్తీ ఆడవాళ్లు నీళ్ల గురించి తమకు గుర్తున్నది ఒక్కో వాక్యం రాశారు. మున్సిపల్ కార్పొరేషన్ 60 రోజులకు అనుమతి ఇచ్చింది. జులైలో వాళ్లే వచ్చి అన్నీ లారీలో వేసుకుపోయారు. సగం పగిలిపోయాయి. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఈ దేశంలో కళకు విలువ లేదా? కార్పొరేషన్ మీద 20 లక్షలకు దావా వేయవచ్చా? అనుమతి పొడిగించినట్టు పాత తేదీతో లెటర్ ఇప్పిస్తానని వార్డు ఆఫీసులో తెలిసినాయన అంటున్నారు. అన్నట్టు, 2025 సంక్రాంతికి ఒక మాల్‌లో అచ్చం ఇవే కుండలు, ఇవే వాక్యాలతో పెట్టారు.
- ఒక పాఠకుడు, తెలంగాణ

జవాబు: మీ అసలు ఉత్తరం నాలుగు పేజీలు. నాలుగూ కార్పొరేషన్ మీద కోపమే. చివర్లో ‘అన్నట్టు’ అంటూ మాల్ గురించి ఒక్క వాక్యం. మీ కేసు ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

కార్పొరేషన్ సంగతి ముందు తేల్చేద్దాం. మీరు పంపిన అనుమతి పత్రంలో ‘గడువు తర్వాత సొంత ఖర్చుతో తొలగించుకోవాలి’ అని స్పష్టంగా ఉంది. మే మూడో వారంతో గడువు అయిపోయింది. మీరు తీయలేదు, పొడిగించమని ఒక్క దరఖాస్తు కూడా పెట్టలేదు. పైగా 1955 నాటి హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం ప్రకారం, విధి నిర్వహణలో చేసిన పనిపై దావా వేయాలంటే నెల ముందు నోటీసు ఇవ్వాలి, ఆరు నెలల లోపు దావా వేయాలి. ఆ ఆరు నెలలు 2025 జనవరితోనే తీరిపోయాయి. వాళ్ల వకీలు మొదటి వాయిదాలోనే ఈ మాట ఎత్తుతాడు.

శిల్పి అమర్‌నాథ్ సెహగల్ కేసు మీరూ ఉత్తరంలో ప్రస్తావించారు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లోని ఆయన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో పీకేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు 5 లక్షల పరిహారం ఇచ్చి, మిగిలిన ముక్కలు తిరిగి ఇమ్మంది. నిజమే. కానీ అది ప్రభుత్వమే అడిగి చేయించుకుని, శాశ్వతంగా గోడకు బిగించిన పని. మీది రెండు నెలల అనుమతి. అదే హైకోర్టు 2019లో, ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ భవనం కూల్చివేతపై దాన్ని రూపొందించిన ఆర్కిటెక్ట్ రాజ్ రేవాల్ వేసిన దావాను కొట్టేసింది. కాపీరైట్ చట్టం సెక్షన్ 57 కళాకారుడి పరువును కాపాడుతుంది. కానీ పనిని ప్రదర్శనలో ఉంచకపోవడం ఆ హక్కుకు భంగం కాదని ఆ సెక్షన్ వివరణలోనే రాసి ఉంది. కార్పొరేషన్‌ను వదిలేయండి.

ఆ పాత తేదీ లెటర్ మాట మళ్లీ ఎత్తకండి. ఆఫీసు నుంచి వెళ్లే ప్రతి లెటర్‌కూ రిజిస్టర్‌లో నంబరు ఉంటుంది. ఎదుటి పక్షం ఆ రిజిస్టర్ తెప్పిస్తే పట్టుబడేది మీరూ, ఆ తెలిసినాయనా ఇద్దరూ. దొంగ పత్రం సృష్టించడం ఒక నేరం, దాన్ని కోర్టులో పెట్టడం ఇంకో నేరం. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి ఉంది. ‘బహిరంగ స్థలంలో ఉన్నది ఎవరైనా వాడుకోవచ్చు కదా’ అని మాల్ వాళ్లు తప్పకుండా అంటారు. కాపీరైట్ చట్టంలో ఆ మినహాయింపు ఉంది. కానీ అది శాశ్వతంగా ఉంచిన శిల్పాలకే, అదీ ఫోటో, బొమ్మ, సినిమా వరకే. అచ్చం అలాంటిదే మళ్లీ కట్టి వేలాడదీయడానికి పనికిరాదు. మీది శాశ్వతం కాదని చూపించేది ఏది? మిమ్మల్ని ఇన్నాళ్లూ ఏడిపించిన ఆ 60 రోజుల కాగితమే. దాన్ని చెడగొట్టుకుంటారా?

ఇక మాల్. కుండలు వేలాడదీయాలన్న ఆలోచన మీద ఎవరికీ హక్కు ఉండదు. ఆలోచనకు కాపీరైట్ లేదని 1978లో ఆర్.జి.ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కుండల వరస, ఎత్తులు, ముడుల తీరు, మధ్యలో ఖాళీ వదిలిన పద్ధతి, ఇలా మీరు ఇచ్చిన రూపానికే రక్షణ. ఆ రూపం వాళ్లకంటే ముందు మీదేనని చూపాలి. ఇక్కడే మీ అజాగ్రత్తకు కోపం వస్తోంది. స్కెచ్‌లు ఉన్న ఫోన్ పోయిందంటారు. బ్యాకప్ లేదంటారు. వాక్యాలు రాసిన ఆడవాళ్ల పేర్లు కూడా రాసుకోలేదట! సమాజం కోసం చేసిన పని అంటారు, ఆ సమాజం పేర్లే మీ దగ్గర లేవు.

అయినా రెండు దారులున్నాయి. అనుమతి కోసం పెట్టిన దరఖాస్తుకు డ్రాయింగ్‌లు జతచేశారు కదా, అవి మార్చికి ముందే కార్పొరేషన్ ఫైల్లోకి చేరాయి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో ఆ ఫైలు సర్టిఫైడ్ కాపీలు అడగండి. ముప్పై రోజుల్లో ఇవ్వాలి. మీరు దావా వేద్దామనుకున్న కార్పొరేషనే మీకు సాక్షి. రెండోది, కొటేషన్ కోసం ఒక ఈవెంట్ ఏజెన్సీకి డ్రాయింగ్‌లు మెయిల్ చేశానని మూడో పేజీలో రాశారు. మాల్ అలంకరణ చేసింది ఆ ఏజెన్సీయేనా? అయితే మీ పని వాళ్ల చేతికి ఎలా వచ్చిందో ఆ మెయిలే చెబుతుంది. ఫార్వర్డ్ చేయకండి, అకౌంట్ మార్చకండి. ప్రింట్ ఒక్కటే చాలదు, భారతీయ సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 ప్రకారం, ఆ ఎలక్ట్రానిక్ కాపీ అసలుదేనని తెలిపే సర్టిఫికెట్ జతచేయాలి. మాల్‌లో తీసిన ఫోటోలకూ అంతే.

వాక్యాల మీద కాపీరైట్ మీది కాదు, రాసిన ఆడవాళ్లది. బస్తీకి వెళ్లండి, ఎవరు ఏ వాక్యం రాశారో అడిగి తెలుసుకోండి. తమ తరఫున అడగడానికి ఒప్పుకుంటూ సంతకంతో, తేదీతో చిన్న కాగితం తీసుకోండి. వచ్చే డబ్బులో వాళ్ల వాటా ఎంతో అందులోనే రాయండి. మీ పనిని రిజిస్టర్ చేయించలేదన్న టెన్షన్ వద్దు, కాపీరైట్‌కు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు.

పరిహారం దావాకు గడువు ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. అంటే 2028 సంక్రాంతి నాటికే అది తీరిపోతుంది, ఆఖరి నిమిషం దాకా ఆగకండి. ముందు మాల్‌కూ, ఏజెన్సీకీ లాయర్ నోటీసు పంపండి. జవాబు రాకపోతే, దావా విలువ 3 లక్షలు దాటితే అది కమర్షియల్ కోర్టుకు వెళ్తుంది. ఇప్పుడు అర్జంటుగా స్టే అడగడానికి ఏమీ లేదు కాబట్టి, ముందు లీగల్ సర్వీసెస్ అథారిటీ దగ్గర మధ్యవర్తిత్వం తప్పదు. అక్కడ గడిచిన కాలం గడువులో లెక్కకు రాదు. పండగ అలంకరణ మీద పేరు పోగొట్టుకోవడం కంటే డబ్బిచ్చి, మీ పేరు వేసి సర్దుకోవడమే మేలని మాల్ వాళ్లు అక్కడే అనుకునే అవకాశం ఎక్కువ.

కుండలు ఇంకా కార్పొరేషన్ యార్డులో ఉంటే, తిరిగి ఇమ్మని దరఖాస్తు పెట్టి రసీదు తీసుకోండి. రాత్రిపూట గోడ దూకి తెచ్చుకోవద్దు. పగిలినవైనా సరే తెచ్చుకుని, ముడులు విప్పకుండా దాచండి. మాల్ ఫోటో పక్కన పెట్టి చూపించడానికి అవే కావాలి.