గడ్డి చదువా, లాంగ్ టర్మ్ కోచింగా?

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. ఏడు సంకరజాతి ఆవులున్నాయి. అబ్బాయికి బైపీసీ అయింది, వెటర్నరీ సీటు అందలేదు. అగ్రికల్చర్ బీఎస్సీ చేసి పశుగ్రాసాల మీద పని చేస్తానంటాడు. ఈలోగా మట్టి లేకుండా ట్రేలలో నీళ్లతో మొలకలు పెంచే హైడ్రోపోనిక్ గడ్డి యూనిట్ పెట్టాలంటాడు. వెటర్నరీ సీటు కోసం మళ్లీ ఏడాది లాంగ్ టర్మ్ కోచింగ్‌కి పంపమంటారా? గడ్డికి చదువేందని బంధువులు నవ్వుతున్నారు.

జవాబు: మీ బాధంతా ఆ చివరి మాటలోనే ఉంది. నవ్వేవాళ్లను పక్కనపెట్టి పాల లెక్క చూడండి. ఖర్చులో 60–70 శాతం మేతా దాణాలదే. గడ్డి తెలిసినవాడికి పనుండదని ఎలా అనుకున్నారు?

హైడ్రోపోనిక్ మీద మాత్రం నాకు గట్టి అనుమానమే ఉంది. కిలో మొక్కజొన్న వారం రోజుల్లో ఆరు కిలోల పచ్చమొలకగా కనిపిస్తుంది. పెరిగింది నీళ్ల బరువు. గింజలో దాదాపు 900 గ్రాముల ఎండు పదార్థం ఉంటే మొలకలో ముప్పావు కిలో చుట్టూ మిగులుతుంది. తక్కినది మొలకెత్తే పనిలో గింజే ఖర్చు చేసుకుంటుంది. ట్రేలు సరిగ్గా కడగకపోతే బూజు అదనం. సెంటు భూమి లేనివాళ్ల సంగతి వేరు, మీకేం ఖర్మ?

నీళ్లున్న చోట నేపియర్ గడ్డి పెట్టించండి. మొదటి కోత 70–75 రోజులకు, ఆపైన 40–45 రోజులకోసారి. బరువు తూగుతుందని రెండు నెలలు వదిలేస్తే కాడ ముదిరిపోతుంది, ఆవు ఆకు తిని కాడను గాటిలోనే వదిలేస్తుంది. నేలమట్టానికి కోస్తే పిలకలు తగ్గుతాయి, నాలుగంగుళాల మోడు ఉంచాలి. మూడు పాళ్ల నేపియర్‌కి ఒక పాలు అలసంద లేదా హెడ్జ్ లూసర్న్ లాంటి పప్పుజాతి మేత కలిపి వేస్తే మాంసకృత్తులు అందుతాయి, దాణా కొంత తగ్గించుకోవచ్చు.

మేత బీడుంటే నాలుగు భాగాలు చేసి ఒకదాంట్లో మేపుతూ మిగతావాటిని కోలుకోనివ్వాలి. రోజూ అంతటా తోలితే ఆవులు లేత చిగురునే మళ్లీమళ్లీ కొరుకుతాయి. వేరు బలం పోయి, చివరికి వయ్యారిభామ రాజ్యమేలుతుంది. తొలకరికి స్టైలో అనే పప్పుజాతి మేత విత్తనం చల్లొచ్చు. దాని గింజ తోలు గట్టిది. 80 డిగ్రీల వేడినీళ్లలో 4–5 నిమిషాలుంచి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టకపోతే సగం మొలవదు. మొదటి ఏడాది విత్తు రాలేదాకా మందను అటు తోలొద్దు.

ఇక చదువులు. ఉద్యోగ భద్రతలో వెటర్నరీదే పైచేయి, దాచను. కానీ అది ఐదున్నరేళ్లు, పైగా ముందు కోచింగ్ ఏడాది. అగ్రికల్చర్ నాలుగేళ్లు, తిరుపతిలోనే కాలేజీ ఉంది. తర్వాత అగ్రానమీలో, అంటే పంటల సాగు శాస్త్రంలో, పీజీ చేస్తే కృషి విజ్ఞాన కేంద్రాలు, విత్తన కంపెనీలు, డెయిరీల ఫీల్డ్ విభాగాలు ఉన్నాయి. గడ్డి కోసమే ఝాన్సీలో 1962 నుంచి ఒక జాతీయ సంస్థ నడుస్తోందని మీ బంధువులకు చెప్పండి.

పిల్లవాడికి వెటర్నరీ మీద మనసుంటే లాంగ్ టర్మ్‌కి పంపండి. మీకు నలుగురిలో 'డాక్టర్ నాన్న' అనిపించుకోవాలని ఉంటే మాత్రం వాడి ఏడాదిని అందుకు ఖర్చు పెట్టకండి. అంత స్పష్టంగా ఏం కావాలో చెప్పే పిల్లలు తక్కువ. చెప్పినవాణ్ని కూర్చోబెట్టి వినకుండా నన్నడుగుతున్నారు! వాడు దారి తప్పడు, ధైర్యంగా అగ్రికల్చర్‌లో చేర్చండి. యూనిట్‌కి అప్పు మాత్రం చేయొద్దు. ఆ యూనిట్‌కయ్యే ఖర్చులో చిన్న వంతుతో గడ్డిని ముక్కలు చేసే చాఫ్ కట్టర్ కొనివ్వండి, గాటిలో మిగిలే కాడల లెక్క వాణ్నే రాయమనండి.