గేజ్ చెప్పిందని బోల్ట్ ఫేస్ అరగదీయకండి

ప్రశ్న: పోటీల్లో వాడే నా బోల్ట్ యాక్షన్ రైఫిల్‌లో బోల్ట్ ఫేస్ (తూటా అడుగు భాగం ఆనే బోల్ట్ ముందు తలం) ఒక వైపు ఎత్తుగా ఉన్నట్టుంది. ఫోన్‌కు కనెక్టయ్యే డిజిటల్ డయల్ గేజ్‌తో చూస్తే 0.06 మిల్లీమీటర్ల తేడా చూపిస్తోంది. సన్న ఎమరీ పేపర్‌తో నేనే సరిచేసుకోవచ్చా? ఫొటోలు, యాప్ ఇచ్చిన రిపోర్టు జతచేస్తున్నాను.

జవాబు: ముందు ఆ ఎమరీ పేపర్ పక్కన పెట్టండి. ఈ మధ్య ఇలాంటి ఉత్తరాలు తరచూ వస్తున్నాయి. రైఫిల్ మారుతుంది గానీ కథ ఒకటే. గేజ్ కొన్నారు, యాప్‌లో ఎర్ర రంగు కనిపించింది, వెంటనే లోహం అరగదీయడానికి సిద్ధమైపోయారు. ఆ 0.06 బోల్ట్‌దా, గేజ్‌దా అని ఎవరూ ఆగి చూసుకోవడం లేదు.

మీ ఫొటోలో బోల్ట్‌ను వీ బ్లాక్‌లో (V ఆకారపు గాడి ఉన్న దిమ్మలో) పెట్టి చేత్తో తిప్పుతున్నట్టుంది. వెనకాల స్టాపర్ ఏదీ కనిపించలేదు. అలా తిప్పితే బోల్ట్ ముందుకో వెనక్కో వెంట్రుకవాసి జరుగుతుంది. గేజ్ దాన్ని కూడా ఫేస్ వంకర కిందే లెక్కేస్తుంది. ఫైరింగ్ పిన్‌నూ, పేలిన తూటా ఇత్తడి గొట్టాన్ని (కేస్) బయటికి నెట్టే ఎజెక్టర్‌నూ ఊడదీసి, ఫేస్‌ను సాల్వెంట్‌తో బాగా తుడవండి. ఎజెక్టర్ రంధ్రం అంచున ఇత్తడి పొట్టు అతుక్కుని ఉన్నా ఎత్తుగానే చూపిస్తుంది. తర్వాత వెనక సరిగ్గా మధ్యలో ఆనేలా గట్టి స్టాపర్ పెట్టండి. ఫేస్ అంచున మార్కర్‌తో ఒక చుక్క పెట్టి, నెమ్మదిగా ఒక చుట్టు తిప్పి, ఎత్తు ఎక్కడ వచ్చిందో రాసుకోండి. బోల్ట్ తీసి, మళ్లీ పెట్టి, ఇంకో రెండు మూడు సార్లు ఇదే చేయండి. ఎత్తు ప్రతిసారీ ఆ చుక్క నుంచి అంతే దూరంలో వస్తుంటే బోల్ట్‌ను అనుమానించవచ్చు. చోటు మారుతుంటే తప్పు మీ అమరికలోనే ఉంది.

స్క్రీన్ మీద ఎన్ని అంకెలుంటే అంత కచ్చితం అనుకోవడం ఇంకో పొరపాటు. 0.01 చూపించే మామూలు డిజిటల్ గేజ్‌లలో చాలావాటికి 0.02 అటూ ఇటూ తేడా రావచ్చని వాటి స్పెసిఫికేషన్లలోనే ఉంటుంది. యాప్ రీడింగ్‌లను సగటు చేసి చూపిస్తుంటే ఆ సెట్టింగ్ తీసేయండి. మీకు కావాల్సింది ఎక్కువ తక్కువల మధ్య తేడా. సగటులో అది కొంత మాయమైపోతుంది.

వంకర నిజమేనని తేలినా, ఫేస్ కంటే ముందు లగ్స్ (మూసినప్పుడు బోల్ట్‌ను బిగించి పట్టే పళ్లు) సంగతి చూడాలి. లగ్స్ వెనక వైపు మార్కర్ పూసి, ఖాళీ రైఫిల్‌లో బోల్ట్‌ను కొన్నిసార్లు మూసి తెరవండి. రంగు ఒక లగ్ మీదే చెరిగితే భారమంతా దాని మీదే పడుతోందని అర్థం. పేల్చినప్పుడు ఒత్తిడికి బోల్ట్ పక్కకు వాలుతుంది. అలాంటప్పుడు ఫేస్‌ను ఎంత చదును చేసినా ఫలితం ఉండదు.

ఇక లోహం తీసే లెక్క. ఫేస్ నుంచి ఎంత తీస్తే హెడ్‌స్పేస్ (బోల్ట్ ఫేస్‌కూ, తూటా కూర్చునే చాంబర్‌లో కేస్ ముందుకు ఆనే చోటుకూ మధ్య దూరం) అంత పెరుగుతుంది, లగ్స్ వెనక తీసినా అంతే. .308 చాంబర్‌నే తీసుకోండి. బోల్ట్ మూసుకోవాల్సిన గో గేజ్ 1.630 అంగుళాలు, మూసుకోకూడని నో-గో 1.634. రెండింటి మధ్య తేడా 0.004 అంగుళాలు, అంటే సుమారు 0.1 మిల్లీమీటర్. మీ 0.06 వంకర పోగొట్టడానికే అందులో సగానికి పైగా ఖర్చయిపోతుంది. హెడ్‌స్పేస్ హద్దు దాటితే కేస్ అడుగు భాగం దగ్గర తెగి, వేడి గ్యాస్ మీ ముఖం వైపు రావచ్చు. చేత్తో రుద్దితే ఫేస్ చదును కాకపోగా అంచులు గుండ్రబడతాయి. కొన్ని పాత బోల్ట్‌లకు పైపొర మాత్రమే గట్టిగా ఉంటుంది, అది పోతే లోపల మెత్తటి లోహమే. ఇది లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ లేత్ మీద చేయాల్సిన పని. ముందు లగ్స్, తర్వాత ఫేస్, చివర్లో హెడ్‌స్పేస్.

అసలు నాకు టెన్షన్ తెప్పించింది మీరు జతచేసిన ఫైళ్లు. రెండో ఫొటోలో రైఫిల్ సీరియల్ నంబర్ చదవగలిగేంత స్పష్టంగా ఉంది. ఆ ఫొటో ఫైల్‌లోనే అది తీసిన చోటు లొకేషన్ కూడా ఉంది. రిపోర్టు కింద మీ పేరు, ఫోన్ నంబర్. ఈ మూడూ కలిస్తే ఫలానా ఇంట్లో, ఫలానా వ్యక్తి దగ్గర, ఫలానా తుపాకీ ఉందని దొంగకు చిరునామా రాసిచ్చినట్టే. నేను వాటిని తొలగించాను. యాప్ కంపెనీ సర్వర్లో మాత్రం ఉండే ఉంటాయి, రిపోర్టులు క్లౌడ్‌లో దాస్తామని వాళ్లే రాశారు కదా.

పొడవు కొలిచే పరికరానికి లాగిన్ ఎందుకు? లొకేషన్ ఎందుకు? పాత ఆండ్రాయిడ్‌లో బ్లూటూత్ పరికరాన్ని వెతకడానికి లొకేషన్ అనుమతి అడగక తప్పేది కాదు. 2021లో వచ్చిన ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. ఇప్పటికీ లొకేషన్ ఇస్తేనే పనిచేస్తామనే గేజ్ యాప్ నిర్లక్ష్యంగానైనా రాసి ఉండాలి, మీ సమాచారం మీద కన్నేసైనా ఉండాలి. రెండూ క్షమించరానివే.

తుపాకీ దగ్గరికి నెట్‌వర్క్ తెస్తే ఏమవుతుందో 2015లోనే చూశాం. రూనా సాండ్విక్, మైకేల్ ఆగర్ అనే పరిశోధకులు గురిని కంప్యూటర్ లెక్కగట్టే ఒక వైఫై రైఫిల్‌లోకి దూరి, తూటా బరువు విలువ మార్చేశారు. గురి పెట్టిన టార్గెట్‌ను వదిలి తూటా పక్క టార్గెట్‌కు తగిలింది. వైఫై ఆన్ చేసి ఉంటే చాలు, లోపలికి వెళ్లడానికి ఫ్యాక్టరీ పాస్‌వర్డే సరిపోయింది. అయినా తయారీదారులు స్కోపులకూ గేజ్‌లకూ కనెక్టివిటీ తగిలిస్తూనే ఉన్నారు. స్క్రీన్ ఉన్న మంచి గేజ్‌కు ఫోన్ అక్కర్లేదు. ముల్లు తిరిగే పాత డయల్ గేజ్‌కు బ్యాటరీ కూడా అక్కర్లేదు, ఈ పనికి నా ఓటు దానికే.

ఇవాళే యాప్‌లోని రిపోర్టులు, ఫొటోలు తీసేసి, ఖాతా డిలీట్ చేయమని కంపెనీకి రాయండి. ఊరికే అన్‌ఇన్‌స్టాల్ చేస్తే సర్వర్లో ఉన్నవి పోవు. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. గన్‌స్మిత్‌కు ఫొటో పంపాల్సి వస్తే సీరియల్ నంబర్ ఫ్రేములో రాకుండా, బోల్ట్ ఫేస్ వరకే తీసి పంపండి.