ఓడే ఆటలో ఏనుగు ఎక్కడుండాలి?

ప్రశ్న: నమస్తే సార్. మాది సిరోంచ. తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మొన్న చంద్రపూర్‌లో చదరంగం పోటీకి వెళ్లాను. చివరి ఆటలో నాకు రాజు, ఏనుగు మిగిలాయి. ఎదుటి అబ్బాయికి రాజు, ఏనుగుతో పాటు ఒక బంటు ఉంది. నావి నల్ల పావులు. నా రాజు బంటుకు ఎదురుగా ఇ8లో ఉన్నాడు. టెన్షన్‌లో ఏనుగును కూడా చివరి వరసకే తెచ్చి కాపలా పెట్టాను. అతని రాజు ఆరో వరసకు వచ్చేశాడు, ఓడిపోయాను. అది డ్రా ఆట అని తర్వాత ఒక అన్న చెప్పాడు, నిజమేనా? మా ఇంట్లో అన్నయ్యేమో, బంటు పోయాక ఆట లాగడం సిగ్గు, రిజైన్ చేయాలి, అంటే ఓటమి ఒప్పుకుని లేవాలి అంటాడు.

జవాబు: నిజమే బిడ్డా, డ్రాయే. నీ రాజు ఉండాల్సిన చోటే ఉన్నాడు. తప్పంతా ఏనుగుది.

బోర్డు తెచ్చుకో. గడి పేరులో అక్షరం నిలువు వరస, అంకె అడ్డ వరస. తెల్ల రాజు డి5, బంటు ఇ5, ఏనుగు హెచ్7. నీ రాజు ఇ8, ఏనుగు బి6. ఆ ఆరో వరస పొలం గట్టు అనుకో. నీ ఏనుగు దాని మీదున్నంతసేపు తెల్ల రాజు అక్కడ కాలు పెట్టలేడు. నువ్వు బి6 నుంచి ఏ6కు, ఏ6 నుంచి బి6కు ఊరికే తిరుగుతూ ఉండు. విసుగొచ్చి అతను బంటును ఇ6కు నెడతాడు. అప్పుడు, అప్పుడే, నీ ఏనుగు ఒక్క ఊపున బి1కు (ఏ6లో ఉంటే ఏ1కు) పోవాలి. రాజు డి6కు వస్తే డి1 నుంచి చెక్. ఇ5కు దిగితే ఇ1 నుంచి చెక్. ఎఫ్6కు పోతే ఎఫ్1 నుంచి. ఆ రాజు దాక్కోవడానికి ఆరో వరసలో చోటు లేదు, ఆ చోట్లో తన బంటునే పెట్టుకున్నాడు మరి. ఫిలిడోర్ అనే ఫ్రెంచి ఆయన 1777లోనే ఇది విడమరిచి చెప్పాడు. ఆయన అసలు వృత్తి సంగీతం!

నువ్వు చేసినట్టు చివరి వరసలో కూర్చోవడం అంచు బంటుకో, దాని పక్క బంటుకో అయితే పనిచేస్తుంది. మధ్య బంటు ముందు చేస్తే మాత్రం మనమే తలుపు తీసి పిలిచినట్టు.

నేను ఇది పుస్తకంలో నేర్చుకోలేదు. గూడ్స్ గార్డుగా బల్లార్షా, కాజీపేట మధ్య తిరిగిన రోజుల్లో రన్నింగ్ రూములో, అంటే రైలు సిబ్బంది విశ్రాంతి గదిలో, ఒక మరాఠీ దోస్తు ఉండేవాడు. మన ఏనుగు ఆయనకూ హత్తీయే, శకటు మాత్రం ఉంట్, అంటే ఒంటె. నేను ఎప్పుడూ ఓడే వైపే ఉండేవాణ్ని. కాల్ బాయ్ వచ్చి డ్యూటీకి పిలిచేదాకా లాగితే చాలు, ఆట డ్రా అని మా ఒప్పందం. అలా లాగడంలో తెలిసొచ్చింది: ఒక బంటు తక్కువైనప్పుడు మార్చుకోవాల్సింది బంట్లను. ఏనుగు, శకటు లాంటి పావులను మార్చేటప్పుడు మాత్రం పదిసార్లు చూడాలి. బంట్లు తగ్గేకొద్దీ గెలిచేవాడికి మంత్రిని చేసుకునే దారులు తగ్గుతాయి. చివరికి శకటు, అంచు బంటు మాత్రమే మిగిలి, ఆ శకటు బంటు చేరాల్సిన మూల గడి రంగుది కాకపోతే, నీ రాజు ఆ మూలలో కూర్చుంటే చాలు. నీకు పావు ఒక్కటి లేకపోయినా డ్రాయే. తెల్ల గడుల శకటు, హెచ్ బంటు, నీ రాజు హెచ్8లో: పెట్టి చూడు.

పావులు మార్చి మునిగినవాళ్లలో అప్పటి ప్రపంచ చాంపియన్ కూడా ఉన్నాడు. 2024 డిసెంబర్ 12, సింగపూర్, గుకేశ్‌తో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో పద్నాలుగో ఆట. డింగ్ లిరెన్‌కు ఒక బంటు తక్కువ, కానీ ఆట డ్రా వైపే నడుస్తోంది. 55వ ఎత్తులో ఏనుగును ఎఫ్2కు తెచ్చి మార్పిడికి పెట్టాడు. ఏనుగులు పోయాయి, వెంటనే గుకేశ్ శకట్లనూ మార్చేలా చేశాడు. మిగిలిన రాజు, బంట్ల ఆటలో డింగ్‌కు దారి లేదు. టీవీ ముందు నేను చాయ్ గ్లాసు పట్టుకుని అలాగే ఉండిపోయాను.

ఇక మీ అన్నయ్య సంగతి. 2016లో న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో కార్ల్‌సన్ మీద కర్యాకిన్ మూడో ఆట 78 ఎత్తులు, నాలుగో ఆట 94 ఎత్తులు ఆడాడు. రెండింటిలోనూ ఇబ్బందిలో ఉన్నది కర్యాకినే, రెండూ డ్రా చేశాడు. సిగ్గుపడినట్టు నాకైతే కనబడలేదు. మంత్రి పోయి, బదులుగా ఏమీ రాకపోతే రిజైన్ చేయి, అది మర్యాద. ఒక్క బంటుకా?

ఒక జాగ్రత్త. అదే స్థితి మూడోసారి వస్తే డ్రా అడగొచ్చు. కానీ నీ ఎత్తు వల్ల అది రాబోతుంటే, ఆ ఎత్తును ముందు కాగితం మీద రాసి, బోర్డు మీద వేయకుండానే ఆర్బిటర్‌ను, అంటే పోటీ అంపైర్‌ను, పిలవాలి. నా కుర్రతనంలో నాగ్‌పూర్‌లో ఒక పోటీలో నేను ఎత్తు వేసేసి, గడియారం కూడా నొక్కి, అప్పుడు చెయ్యెత్తాను. వంతు నాది కాదు, అడిగే హక్కూ పోయింది. ఎదుటాయన నవ్వి వేరే ఎత్తు వేశాడు. ఆ ఆట ఇరవై నిమిషాల్లో ఓడాను.

ఈ ఆదివారం పైన చెప్పిన ఏనుగుల స్థితి పెట్టి, తెల్లవి మీ అన్నయ్యకివ్వు. పది ఆటలు ఆడండి. ఎన్ని గెలిచాడో ఆయన చేతే రాయించి పంపు.