పింగాణీ నగలు చేస్తానంటోంది... చదివించవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ చదువుతోంది. రెండేళ్లుగా టెర్రకోట కమ్మలు చేసి స్నేహితులకు, బంధువులకు అమ్ముతోంది. ఈ మధ్య విదేశీ కళాకారుల పింగాణీ నగలు ఫోనులో చూసి, తానూ అదే నేర్చుకుంటానని పట్టుబట్టింది. ఇంట్లో ఎలక్ట్రిక్ బట్టీ పెట్టించమని కూడా అడుగుతోంది. వాళ్ల నాన్నగారు మాత్రం ‘మట్టి పిసకడానికి డిగ్రీ ఎందుకు, ఇంజినీరింగ్‌లో చేర్పిద్దాం’ అంటున్నారు. ఇందులో భవిష్యత్తు ఉందా? ఎక్కడ చదవాలి? – ఒక తల్లి, కర్నూలు

జవాబు: అమ్మా, పింగాణీ నగల పేరుతోనే డిగ్రీ ఇచ్చే కళాశాల కోసం వెతికి కాలం వృథా చేసుకోకండి. ఈ పనిలో పేరున్నవారు చాలావరకు రెండు దారుల్లో వచ్చినవారే. కొందరు మట్టి పని నేర్చి నగల వైపు వచ్చారు, మరికొందరు నగల పని నేర్చి మట్టి వైపు వెళ్లారు. మీ అమ్మాయి ఇప్పుడు తేల్చుకోవలసింది ఈ రెండింటిలో తన దారి ఏదన్నదే. నన్నడిగితే మట్టి దారే పట్టమంటాను. వెండికి టంకం పెట్టడం, రాయి పొదగడం మీ ఊళ్లోనే ఒక మంచి కంసాలి దగ్గర కూర్చుని నేర్చుకోవచ్చు. 1,250 డిగ్రీలకు వెళ్లే బట్టీలు, గ్లేజుల (మట్టి మీద పూసి కాల్చే గాజులాంటి పూతల) రసాయనం, పగలగొట్టుకుంటూ నేర్చుకునే వెసులుబాటు మాత్రం సంస్థలోనే దొరుకుతాయి.

ఇక మీ వారి మాట. ఆ పింగాణీ మట్టి రహస్యం కోసం యూరప్ రాజులు రసవాదులను కోటల్లో బంధించి మరీ పని చేయించారు. 18వ శతాబ్దం మొదలయ్యేదాకా అక్కడ చైనా పింగాణీ కొనడమే తప్ప దానికి దీటైనది చేయడం తెలియదు. జర్మనీలోని మైసెన్‌లో 1710లో కార్ఖానా మొదలయ్యాకే పరిస్థితి మారింది. ఇంగ్లండ్‌లో జొసాయా వెడ్జ్‌వుడ్ 1770లలో జాస్పర్ అనే మెరుపులేని సన్నటి మట్టిని తయారు చేశారు. అది అచ్చమైన పింగాణీ కాదు గానీ దగ్గరి బంధువు. ఆ మట్టితో చేసిన చిన్న పతకాలను ఉంగరాల్లో, బొత్తాల్లో పొదిగేవారు. బానిసత్వాన్ని వ్యతిరేకిస్తూ 1787లో ఆయన చేయించిన పతకాన్ని అక్కడి స్త్రీలు కంకణాల్లో, తల పిన్నుల్లో పెట్టించుకుని తిరిగారు. మట్టి నగ నిన్న మొన్నటి సరదా కాదని మీ వారికి చెప్పడానికి ఇంత చాలు.

మీ అమ్మాయి ఫోనులో చూసినవి బహుశా ఇటీవలి తరం వాళ్ల పనులు. నెదర్లాండ్స్ కళాకారుడు పీటర్ హూగెబూమ్ చిట్టి చిట్టి మట్టి పాత్రలను వెండితో కలిపి హారాలుగా కూరుస్తారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో పనిచేసే గెజీన్ హాకెన్‌బర్గ్ పాత పింగాణీ పళ్లేల నుంచి గుండ్రటి బిళ్లలు కోసి దండ గుచ్చుతారు. బెజ్జాలు పడిన పళ్లేన్ని కూడా ఆ దండ పక్కనే ప్రదర్శనకు పెడతారు. తైవాన్‌కు చెందిన షు-లిన్ వూ రంగు కలిపిన పింగాణీ మట్టిని పొరలుగా పేర్చి, చెక్కి, లోపలి చారలను బయటికి తెస్తారు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ ఆర్ట్స్ అండ్ డిజైన్ 2011లో కేవలం సిరామిక్ (కాల్చిన మట్టి) నగలతో ఒక ప్రదర్శన నిర్వహించింది. దాన్ని రూపొందించింది ఫ్రాన్స్‌లో పింగాణీకి పేరుపడ్డ లిమోజ్ నగరంలోని బెర్నార్డో సంస్థ ఫౌండేషన్. మ్యూనిక్‌లో 1959లో మొదలైన ‘ష్ముక్’ నగల ప్రదర్శనకు నేటికీ ప్రపంచం నలుమూలల నుంచి ఇలాంటి నగలు వస్తాయి. హాకెన్‌బర్గ్ దండ పక్కన ఆ పళ్లెం ఎందుకుండాలో మీ అమ్మాయి తన మాటల్లో చెప్పగలదా అని ఒకసారి అడిగి చూడండి. డిజైన్ కళాశాలల ఇంటర్వ్యూల్లో ఇలాంటి ప్రశ్నలే వస్తాయి. ‘చాలా అందంగా ఉంది’ అన్నంత మాత్రాన అక్కడ సీటు రాదు.

టెర్రకోట చేయి తిరిగింది కాబట్టి పింగాణీ సులువేనని ఆమె అనుకుంటూ ఉండవచ్చు. ఆ భ్రమ ముందే తొలగించాలి. టెర్రకోటను సుమారు 900 డిగ్రీల దగ్గర కాలుస్తారు. కాలిన తర్వాతా అందులో సన్నటి రంధ్రాలు మిగులుతాయి, పైన రంగులు పూసుకోవచ్చు. పింగాణీలో కెయొలిన్ అనే తెల్లమట్టి, ఫెల్డ్‌స్పార్, క్వార్ట్జ్ ఉంటాయి. 1,220 నుంచి 1,300 డిగ్రీల మధ్య ఫెల్డ్‌స్పార్ కరిగి, గాజులాగా మారి సందులన్నీ పూడుస్తుంది. ఆ గట్టిదనం, ఆ తెలుపు, పలచగా చేస్తే వెలుతురు అవతలికి కనిపించే గుణం అలా వచ్చినవే. దీనికి మూల్యం కూడా ఉంది. ముక్క పచ్చిగా ఉన్నప్పటి కొలతకంటే కాలాక దాదాపు 12 నుంచి 15 శాతం కుంచించుకుపోతుంది. లోపలి వ్యాసం 17 మిల్లీమీటర్లు ఉండే ఉంగరం కావాలంటే, 15 శాతం లెక్కన పచ్చిమట్టిలో 20 మిల్లీమీటర్లతో చేయాలి. కమ్మ కాడ దూరే బెజ్జానికీ ఇదే లెక్క. ఎండేటప్పుడు ఒకసారి వంగిన ముక్కను వేలితో సరిచేసినా, బట్టీలోకి వెళ్లాక మళ్లీ పాత వంపుకే తిరుగుతుంది. ఒక జత కమ్మలు కచ్చితంగా ఒకేలా రావడం ఈ పనిలో మొదటి పరీక్ష. చాలామంది నెలల తరబడి అక్కడే ఆగిపోతారు.

గ్లేజు పూసిన పూసను బట్టీ పలక మీద పెడితే దానికే అతుక్కుపోతుంది. అందుకే వేడికి తట్టుకునే తీగకు గుచ్చి వేలాడదీయాలి. పూసలు మరీ బరువైతే తీగ వంగి అన్నీ ఒకచోట చేరి ముద్దవుతాయి. ఈ బాధ పడలేక కొందరు గ్లేజే లేకుండా కాల్చి, వజ్రపు పొడి అద్దిన డైమండ్ ప్యాడ్లతో నునుపు చేస్తారు. చేతికి తగిలే ఆ నునుపు నాకు గ్లేజు కంటే ఇష్టం. బంగారు గీతలు కావాలంటే 700–800 డిగ్రీల దగ్గర మరోసారి కాల్చాలి. ఆ బంగారు పొర అతి పలచన కాబట్టి రోజూ రాపిడి తగిలే ఉంగరానికి పనికిరాదు, చెవి కమ్మకు సరిపోతుంది. వెండి 962 డిగ్రీలకే కరుగుతుంది. కాబట్టి వెండిని పింగాణీతో కలిపి బట్టీలో పెట్టడం కుదరదు. కాలిన పింగాణీకి దగ్గరగా టంకం మంట పట్టినా పగిలే ప్రమాదం ఉంది. వెండి గూడు విడిగా చేసుకుని, మంట లేకుండా అంచులు మడిచి బిగించాలి. పైన కంసాలి మాట ఎత్తింది ఇందుకే. బజారులో దొరికే చవక కొక్కేలను జిగురుతో అంటించి అమ్మితే ఆర్నెల్లలో ఊడిపోతాయి. వాటిలో నికెల్ ఉంటే కొందరి చెవులు పుండ్లు పడతాయి కూడా.

చదువు విషయానికి వస్తే, అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్ఐడీ)లో సిరామిక్ అండ్ గ్లాస్ డిజైన్ విభాగం ఉంది. నా మొదటి ఎంపిక అదే. ఇంటర్‌లో ఏ గ్రూపు వారైనా డ్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి నాలుగేళ్ల బీడిజైన్‌కు పోటీ పడవచ్చు. సీట్లు చాలా తక్కువ. వయోపరిమితి కూడా గట్టిగా ఉంటుంది కాబట్టి ‘ఒక ఏడాది ఆగి రాద్దాం’ అనుకునే ముందు నోటిఫికేషన్‌లో పుట్టిన తేదీ నిబంధన చూసుకోండి. మన ఆంధ్రప్రదేశ్‌లోనూ ఎన్ఐడీ ఉంది కదా అని మీరు అడగవచ్చు. అక్కడున్నవి ఇండస్ట్రియల్, కమ్యూనికేషన్, టెక్స్‌టైల్ శాఖలు. మట్టి పనికి అహ్మదాబాదే వెళ్లాలి.

అది రాకపోతే లలితకళల డిగ్రీ తక్కువేమీ కాదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో పాటరీ–సిరామిక్స్‌ను ప్రధానాంశంగా చదవవచ్చు. శాంతినికేతన్ కళాభవన్‌లో డిజైన్ విభాగంలోనూ, బరోడా మహారాజా సాయాజీరావు విశ్వవిద్యాలయంలో శిల్ప విభాగంలోనూ సిరామిక్ పని ఉంటుంది. దూరం పంపడం ఇష్టం లేకపోతే హైదరాబాద్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో శిల్పకళలో బీఎఫ్‌ఏ చేయవచ్చు. లోహం దారే నచ్చితే మాదాపూర్‌లోని ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్‌లో యాక్సెసరీ డిజైన్ ఉంది. నగల మార్కెట్ గురించి అక్కడ బాగా నేర్చుకుంటుంది గానీ, మట్టి మీద పట్టు కోసం సెలవుల్లో వేరే చోట పనిచేయాల్సి వస్తుంది. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పుణ్యమా అని ఆ ఊళ్లోనూ ఆరోవిల్ చుట్టుపక్కలా స్టూడియోలు చాలా వెలిశాయి. అలాంటి చోట ఒక వేసవి గడిపితే ఆమెకూ మీకూ చాలా సందేహాలు తీరతాయి.

మీ వారు అడిగే ఇంజినీరింగ్‌ను కూడా నేను కొట్టిపారేయను. ఎంపీసీ చదువుతున్న పిల్లకు జేఈఈ ద్వారా ఎన్ఐటీ రూర్కెలాలో సిరామిక్ ఇంజినీరింగ్ దొరకవచ్చు. మన గూడూరులో సిరామిక్ టెక్నాలజీ డిప్లొమా ఉంది. అక్కడ నగలు నేర్పరు. మట్టి ఎందుకు పగులుతుందో, గ్లేజు ఎందుకు చిట్లుతుందో మాత్రం లెక్కలతో సహా నేర్పుతారు. సొంత గ్లేజు తయారు చేసుకోగలిగిన కళాకారిణి పని మరెవరూ అచ్చు దించలేరు. రసాయనశాస్త్రం మీ అమ్మాయికి ఇష్టమైన సబ్జెక్టు అయితే ఈ దారి గురించి నిజంగా ఆలోచించండి. సామర్లకోటలోని ఆర్‌ఏకే సిరామిక్స్, గుజరాత్‌లోని మోర్బీ టైల్స్ పరిశ్రమ వంటి చోట్ల ఉద్యోగావకాశం వెనక దన్నుగా ఉంటుంది.

సంపాదన గురించి ఉన్నమాట చెబుతాను. ‘పింగాణీ నగల కళాకారిణి కావలెను’ అని ఎవరూ ప్రకటన ఇవ్వరు. నాకు తెలిసినంతలో ఈ పని చేసేవారు కప్పులు, గిన్నెలు చేసి అమ్ముతారు, వారాంతాల్లో క్లాసులు చెబుతారు, హోటళ్లకు పాత్రలు డిజైన్ చేస్తారు. నగలు వారి పేరు నిలబెడతాయి. మన దగ్గర కొనేవారి తీరు కూడా గుర్తుంచుకోవాలి. బంగారం కొట్టులో బరువు, తరుగు, మజూరీ అడిగి కొనే అలవాటు మనది. పింగాణీకి బరువూ లేదు, తిరిగి అమ్మితే వచ్చే విలువా లేదు. ఇచ్చే డబ్బంతా మజూరీయే. ఆ మజూరీని గుర్తించి ఇచ్చేవారు పెళ్లి నగల అంగడిలో దొరకరు. దస్త్‌కార్, క్రాఫ్ట్స్ కౌన్సిల్ వంటి హస్తకళల సంస్థలు పెట్టే బజార్లకు వచ్చేవారిలో, గ్యాలరీలకు వచ్చేవారిలో దొరుకుతారు. 2018లో జైపూర్‌లో మొదలైన ఇండియన్ సిరామిక్స్ ట్రైనియల్ ప్రదర్శన వంటి వేదికలు సిరామిక్‌ను కళగా చూసే అలవాటును మెల్లగా పెంచుతున్నాయి. కాబట్టి మొదటి మూడు నాలుగేళ్లు నగల మీదే ఇల్లు గడవాలని ఆశించకండి. అంత ఓపిక పట్టగల స్థితి మీ ఇంట్లో ఉందా లేదా అన్నది మీరూ మీ వారూ కూర్చుని మాట్లాడుకోవలసిన సంగతి. విద్యారుణం తీసుకోవలసి వస్తే, ప్రైవేటు డిజైన్ కళాశాలల భారీ ఫీజులకు మాత్రం ఈ రంగం కోసం సంతకం పెట్టవద్దని నా సలహా.

బట్టీ ఇప్పుడు కొనకండి. పింగాణీ వేడికి చేరే బట్టీ ఖరీదైనది, దానికి తగిన కరెంటు కనెక్షన్ వేయించాలి, పొగలు బయటికి పోయే చోటు కావాలి. అంతకంటే ముఖ్యం, ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు పాడవుతాయి. పడకగది మూలన బల్ల వేసుకుని ఎండిన పింగాణీని గీకే పని అసలు చేయనివ్వకండి. తడిగుడ్డతో తుడవడం, మాస్కు కట్టుకోవడం, నీళ్లతో తడుపుతూ నునుపు చేయడం ఇప్పటినుంచే అలవాటు కావాలి. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో కొన్ని పాటరీ స్టూడియోలు రుసుము తీసుకుని ఇతరుల ముక్కలను కాల్చి ఇస్తాయి. ముందుగా ఫోను చేసి, వారి బట్టీ ఎన్ని డిగ్రీలకు వెళ్తుందో అడిగి, ఆ వేడికి సరిపోయే మట్టినే కొనమనండి. కర్నూలు నుంచి పచ్చి ముక్కలు బస్సులో తీసుకెళ్తే దారిలోనే విరుగుతాయి. కాబట్టి అక్కడే రెండు మూడు రోజులు ఉండి చేసుకోవడం మేలు.

ప్రవేశ పరీక్షల కోసం ఆమె ఒక నోటుపుస్తకం మొదలుపెట్టాలి. ప్రతి ముక్కకు పచ్చి కొలత, కాలిన కొలత, ఏ మట్టి, ఎన్ని డిగ్రీలు, ఏం జరిగింది అన్నవి రాసి, పక్కనే ఫొటో అంటించాలి. పగిలినవీ వంగినవీ కూడా అందులో ఉండాలి, వాటి పక్కన కారణం రాసి ఉండాలి. ఇప్పటిదాకా చేసిన టెర్రకోట కమ్మల్లోంచి బాగా అమ్ముడైన వాటిని కాక, తనకు తానుగా ఆలోచించి చేసిన నాలుగైదింటినే ఎంచుకోమనండి. ఇంటర్ పరీక్షలు దగ్గర పడుతున్నాయి కాబట్టి మార్చి దాటేదాకా ఈ పనికి ఆదివారాలు మాత్రమే కేటాయించుకుంటే చాలు.