మీ ప్రశ్నకు జవాబు: జపాన్ యానిమేలో నల్లవాళ్ల బొమ్మలు

పిల్లలు చూసే జపాన్ యానిమే, అంటే అక్కడి కదిలే బొమ్మల కథల గురించి ఇదివరకు ఈ శీర్షికలో రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాలలో నాలుగు ఒకే విషయాన్ని పట్టుకున్నాయి. ఆ బొమ్మల కథల్లో నల్లజాతి మనుషులను చూపించే తీరు గురించే వాటన్నిటి ప్రశ్న. పాతికేళ్లు గోదావరి జిల్లాల బడుల్లో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసిన నాకు ఇది మనసుకు దగ్గరి విషయం కనుక, మిగిలిన ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేసి వీటికే చోటిస్తున్నాను.

నమస్కారమండీ. మాది అమలాపురం దగ్గర పల్లె. మా అబ్బాయికి పదేళ్లు, వాడికి నా రంగే వచ్చింది. వేసవి సెలవులకు వచ్చిన మా ఆడపడుచు పిల్లలు ఫోనులో ‘డ్రాగన్ బాల్’ చూసి, అందులో నల్లగా, గుండ్రంగా, ఎర్రని లావు పెదవులతో ఉండే పోపో అనే పాత్ర పేరు వీడికి పెట్టారు. ‘పోపో, అవతలికి పో పో’ అని తరుముతుంటే పెద్దవాళ్లు కూడా నవ్వారు. సెలవులు అయిపోయినా ఆ పేరు మా వీధిలో ఉండిపోయింది. ఆ బొమ్మను అలా ఎందుకు గీశారండీ? వాడిని ఆ కథ చూడకుండా మాన్పించమంటారా? – ఒక తల్లి, కోనసీమ

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టింది పెద్దవాళ్ల నవ్వు. పిల్లలు రోజుకో పేరు పెట్టి మర్నాటికి మరిచిపోతారు. ఇంట్లో పెద్దలు నవ్విన పేరు మాత్రం గడప దాటి వీధిలో స్థిరపడుతుంది. మీ ఆడపడుచు గారితోనూ, ఆ రోజు నవ్విన మిగతావారితోనూ మీరే నేరుగా మాట్లాడండి. ఆ భారం బాబు మీద వేయవద్దు.

ఇక బొమ్మ సంగతి. అకిరా తొరియామా 1984 నుంచి 1995 వరకు గీసిన ఆ మాంగాలో, అంటే అచ్చులో వచ్చే జపాన్ బొమ్మల కథలో, పోపో మేఘాలపైన ఉన్న దేవుని కోటలో పరిచారకుడు. తోట చూసుకుంటాడు, వచ్చినవాళ్లను పలకరిస్తాడు, కథానాయకుడు గోకూకు శిక్షణ కూడా ఇస్తాడు. తలపాగా, ఆభరణాలు, వదులు పైజామా పెట్టి అరేబియా కథల్లోని జీనీలా తీర్చారు కనుక అతను మనిషి కాడనీ, నల్లజాతివాడు అసలే కాడనీ అభిమానులు వాదిస్తారు. కథ ప్రకారం ఆ మాట నిజమే. కానీ మసిలాంటి ఒంటిరంగు, విప్పారిన తెల్లని కళ్లు, ముఖంలో సగం ఆక్రమించే ఎర్రని పెదవులు అనే మూడూ కలిసి ఎక్కడి నుంచి వచ్చాయో తెలిసినవాళ్లకు ఆ వాదన చాలదు. అవి నల్లవాళ్లను వెక్కిరించడానికి అమెరికాలో తయారైన మూస నుంచి వచ్చాయి. దాని చరిత్ర కింది జవాబులో రాశాను.

అమెరికాలో 2010లో ఒక పిల్లల ప్రసారంలో ఈ కథను చూపించినప్పుడు, విమర్శలకు జంకి పోపో ఒళ్లంతా నీలం చేశారు. పెదవుల తీరూ, కళ్ల తీరూ అలాగే ఉన్నాయి, నలుపు పోయింది. తప్పు ముఖపు గీతలో ఉంటే దిద్దుబాటు రంగు మీద పడింది. ఈ అలవాటు మనకూ కొత్త కాదు. నల్లనయ్య అని నోరారా పిలుచుకునే కృష్ణుడికి నాటకాల స్టేజీ మీదా, క్యాలెండరు పటాల్లోనూ మనం నీలమే పూస్తాం. నీలమేఘశ్యాముడనే మాటలోని అందాన్ని నేను కాదనను. కానీ నల్లగా గీసి కూడా అందంగా ఉంచవచ్చన్న ధైర్యం మన చేతికి రాలేదన్నది ఒక బొమ్మల మాస్టారుగా నేను రోజూ చూసిన నిజం.

మాన్పించవద్దు. మాన్పిస్తే ఆ పేరే గెలిచినట్లు అవుతుంది. మీరు పక్కన కూర్చుని, కథ చివరి భాగం బాబుకు చూపించండి. అక్కడ ఊబ్ అనే పిల్లవాడు వస్తాడు. వాడికీ పదేళ్లే. ముదురు రంగు చర్మం, పేద పల్లె. ఊరివాళ్ల తిండికి డబ్బు సంపాదిద్దామని యుద్ధవిద్యల పోటీకి వచ్చి భయంతో బిగుసుకుపోతాడు. అంత పెద్ద కథకూ నాయకుడైన గోకూ వాడిలోని బలాన్ని గుర్తించి, సొంత కుటుంబానికి వీడ్కోలు చెప్పి, వాడికి గురువై వాడితో ఎగిరిపోతాడు. పోపోను గీసిన చెయ్యే ఊబ్‌ను కూడా గీసింది, కానీ ఊబ్ ముఖంలో ఆ పాత మూస లేదు.

సార్, నేను భీమవరంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. యానిమేలో అందరినీ అతిశయంగానే గీస్తారు కదా: పళ్లెమంత కళ్లు, ముళ్లలాంటి జుట్టు. నల్లవాళ్ల పెదవులు పెద్దవి చేస్తే మాత్రం తప్పెలా అవుతుంది? జపాన్‌లో బానిసత్వమూ లేదు, నల్లవాళ్లూ పెద్దగా లేరు. ఇది అమెరికావాళ్ల గొడవను జపాన్ మీద రుద్దడం కాదా?

బాబూ, నీ ప్రశ్న న్యాయమైనదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. అతిశయంగా గీయడం తప్పు కాదు. ‘డ్రాగన్ బాల్’లోని గోకూ, వెజీటా ఇద్దరివీ ముళ్లజుట్టులే అయినా నీడ చూసి కూడా ఎవరు ఎవరో చెప్పగలవు, ఎందుకంటే ఒక్కొక్కరి కోసం విడిగా ఆలోచించి గీశారు. పాత మాంగాల్లోని నల్లవాళ్లలో ఒకరి తల తీసి మరొకరికి అతికించినా తేడా తెలియదు. అతిశయం మనిషిని గుర్తుపట్టేలా చేయాలి. ఇక్కడ అది మనిషిని చెరిపేస్తోంది.

ఆ మూస జపాన్‌లో పుట్టలేదన్న మాట నిజం. అమెరికా నౌకాదళాధికారి కమొడోర్ పెర్రీ యుద్ధనౌకలతో వచ్చి జపాన్ తలుపులు తెరిపించిన 1854లో, పౌహాటన్ అనే ఓడ మీద జపాన్ ప్రతినిధులకు ఇచ్చిన విందులో తెల్ల నావికులు ముఖాలకు మసి పూసుకుని, నల్లవాళ్లను అనుకరిస్తూ ఆటపాటలు ప్రదర్శించారు. అతిథులు బాగా నవ్వుకున్నారని పెర్రీ యాత్రా నివేదికలోనే ఉంది. ఒక సంధి మాటలతో పాటే ఈ వెక్కిరింత కూడా ఓడ దిగిందన్నమాట. ఆ తర్వాత వచ్చిన అమెరికా కార్టూన్లు, ప్రకటనలు దాన్నే పోషించాయి. నల్లవాళ్లు పెద్దగా లేరు కనుక తప్పు లేదని నువ్వు అంటున్నావు. నా దృష్టిలో లేకపోవడమే చేటు చేసింది. ఎదురుగా సరిచూసుకోవడానికి మనిషి లేనప్పుడు, గీసేవాడు ఇంకొకరు గీసిన బొమ్మనే చూసి గీస్తాడు.

జపాన్ తన అవసరానికి దాన్ని వాడుకున్నది కూడా నిజమే. 1933లో ఒక పిల్లల పత్రికలో మొదలైన ‘బోకెన్ దంకిచి’ అనే బొమ్మల కథలో ఒక జపాన్ కుర్రవాడు దక్షిణ సముద్రపు దీవికి కొట్టుకుపోయి అక్కడివాళ్లకు రాజవుతాడు. ఒకేలా ఉన్నారనీ, పేర్లు గుర్తుండవనీ ఆ నల్లని ప్రజల గుండెల మీద అంకెలు రాయిస్తాడు. అప్పటికి పసిఫిక్ దీవులు కొన్ని జపాన్ పాలనలో ఉన్నాయని గుర్తుచేసుకుంటే ఆ అంకెలు ఉత్త తమాషా కావని తెలుస్తుంది. 1960లో చేతిని కరుచుకుని ఉండే దక్కోచాన్ అనే నల్లటి గాలి బొమ్మ దేశమంతా వెర్రిగా అమ్ముడుపోయింది.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరిచింది సాంబో కథ. మన దేశంలో ఏళ్ల తరబడి కాపురమున్న హెలెన్ బ్యానర్‌మన్ 1899లో రాసిన ఆ చిన్న పుస్తకంలో పిల్లవాడిని వెంటాడిన పులులు చెట్టు చుట్టూ పరుగెత్తి పరుగెత్తి కరిగి నెయ్యి అవుతాయి. పులి, నెయ్యి ఎక్కడివో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఆ పిల్లవాడికి నల్లవాళ్లను వెక్కిరించే ముఖమే తగిలించారు. 1953లో జపాన్‌లో అచ్చయి కొన్ని తరాల పిల్లలకు ముద్దు పుస్తకమైన దాన్ని 1988లో ప్రచురణకర్తలు ఉపసంహరించుకున్నారు. 2005లో మరొక సంస్థ మళ్లీ అచ్చువేసింది.

ఆ ఉపసంహరణకు అమెరికాలోని విమర్శ ఒక కారణమైనా, జపాన్‌లోనే, ఒసాకా దగ్గరి సకాయి పట్టణంలో, ఒక మామూలు కుటుంబం అదే 1988లో సంఘం పెట్టి ప్రచురణకర్తలకూ కంపెనీలకూ ఉత్తరాలు రాసింది. కనుక ఇది పూర్తిగా బయటివాళ్లు రుద్దిన గొడవ కాదు. పేరొందిన మాంగా చిత్రకారుడు ఒసాము తెజుకా చనిపోయిన మరుసటి ఏడాది, 1990లో, ఆయన పుస్తకాల్లోని ఆఫ్రికా బొమ్మల మీద కూడా అభ్యంతరాలు వచ్చాయి. ముద్రణ కొంతకాలం ఆపి, తర్వాత బొమ్మలు మార్చకుండా వివరణ జోడించి విడుదల చేశారు. చనిపోయిన చిత్రకారుడి గీతను దిద్దకపోవడం, పాఠకుడికి నిజం చెప్పడం రెండూ సరైనవేనని నా అభిప్రాయం. బతికున్న కథల్లో మాత్రం దిద్దాలి, దిద్దారు కూడా: 1964లో మొదలైన ‘సైబోర్గ్ 009’లో ఆఫ్రికా వీరుడికి మొదట ఉన్న లావు పెదవుల మూసను 2001 నాటి యానిమేలో తీసేసి మనిషి ముఖం ఇచ్చారు. ‘పోకెమాన్’లో జింక్స్ అనే జీవి నల్లని ముఖాన్ని ఊదాకు మార్చారు.

అయినా మూస అంత తేలికగా చావదు. 2019లో వచ్చిన ‘ప్రామిస్డ్ నెవర్లాండ్’ ఎంతో తెలివైన కథ. అందులోని సిస్టర్ క్రోన్‌కు సొంత ఆశ, సొంత భయం, బలమైన గతం ఉన్నాయి. అంత చక్కగా రాసిన మనిషికి మళ్లీ ఆ గుడ్లు తేలేసిన కళ్లూ ఆ పెదవులే గీశారు. చూస్తున్నంతసేపూ నాకు మనసు చివుక్కుమంటూనే ఉంది.

యాసుకే అనే నల్లజాతి యోధుడి మీద యానిమే చూశాం. అతను నిజంగా ఉన్నాడా, కల్పితమా? – యానాం నుంచి

నిజంగా ఉన్నాడు. ఇటలీకి చెందిన, జెస్యూట్ అనే క్రైస్తవ సంఘపు మతగురువు వాలిన్యానో వెంట 1579లో జపాన్ వచ్చిన ఆఫ్రికావాడు. 1581లో ప్రభువు ఓదా నొబునాగా అతన్ని చూసి, ఒంటికి సిరా పూశారేమోనని కడిగించి చూశాడని అప్పటి లేఖల్లో ఉంది. తర్వాత తన కొలువులో పెట్టుకున్నాడు. 1582లో నొబునాగా మరణించాక అతని జాడ చరిత్రలో దొరకదు. మీరు చూసింది 2021లో లషాన్ థామస్ అనే నల్లజాతి దర్శకుడు జపాన్ స్టూడియోతో కలిసి తీసిన ఆరు భాగాల కథ అయితే, అందులోని మంత్రాలు, యంత్రాలు అన్నీ కల్పనే.

మాస్టారూ, నేను తణుకులో పిల్లలకు బొమ్మలు నేర్పుతాను. అందరూ యానిమే బొమ్మలే గీస్తామంటున్నారు. నల్లవాళ్లను బాగా గీసిన కథలు ఏవైనా చెప్పగలరా? వాటిని చూసి గీయించేటప్పుడు ఏం గమనించాలి?

అమ్మా, మొదట చెప్పవలసింది నాదియా. 1990–91లో జపాన్ ప్రజా ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ప్రసారం చేసిన 39 భాగాల ‘నాదియా’ను హిదెయాకి అన్నో దర్శకత్వం వహించి తీశారు. ముదురు గోధుమ రంగు చర్మం గల ఆ పద్నాలుగేళ్ల పిల్ల సర్కస్‌లో పనిచేస్తూ, పుట్టిన చోటు వెతుక్కుంటూ ఆఫ్రికా వెళ్తుంది. మాంసం ముట్టదు, అలుగుతుంది, అబద్ధం చెప్పినవాళ్లను క్షమించదు. మధ్యలో దీవి మీద జరిగే భాగాలు నాసిగా ఉన్నా ఆ పిల్ల మొండితనం మాత్రం చివరిదాకా తగ్గదు. షినిచిరో వతనబే 2019లో తీసిన ‘కెరోల్ అండ్ ట్యూజ్‌డే’లో కెరోల్ చేతులు కీబోర్డు మీద కదిలే తీరు పిల్లల చేత గీయించండి. ‘బ్లాక్ లగూన్’లోని డచ్ పాత్ర చాలా గంభీరమైనదే కానీ ఆ కథ, ‘ఆఫ్రో సమురాయ్’, రెండూ నెత్తురుతో తడిసినవి, పిల్లలకు వద్దు.

నాకు అన్నిటికంటె ఇష్టమైనది ‘హంటర్ హంటర్’లోని కానరీ. ఆమె పెద్ద ఇంటి కాపలా పిల్ల, అంటే పోపోలాగే సేవకురాలు. దారి మధ్య నేల మీద ఒక గీత చూపి, ఇది దాటితే కొడతానంటుంది. ఆ ఇంటి అబ్బాయైన తన స్నేహితుడి కోసం వచ్చిన గోన్ అనే కుర్రవాడు దాటుతాడు, దెబ్బ తింటాడు, లేచి మళ్లీ దాటుతాడు. సాయంత్రం అయ్యేసరికి గోన్ ముఖం వాచిపోతుంది, కానరీ చెయ్యి వణుకుతుంది, చివరికి ఆ పిల్లే కన్నీళ్లు పెట్టుకుని ఆ ఇంటి అబ్బాయిని కాపాడమని గోన్‌ను అడుగుతుంది. ఆ కన్నీళ్ల చట్రాన్ని ఆపి పిల్లలకు చూపించండి: పెదవులు చర్మం కంటె ఒక్క ఛాయే తేడా, బిగుతుగా అల్లి ముడులు వేసిన ఉంగరాల జుట్టు, కళ్లు మిగతా పాత్రలంత శ్రద్ధగా గీసినవి.

ఇక రంగుల సంగతి. క్రేయాన్ల పెట్టెలో ‘స్కిన్ కలర్’ అని ఒక లేత గులాబీ కడ్డీ ఉంటుంది. వరికోతల ఎండలో తిరిగి తాటిబెల్లం రంగుకు వచ్చిన పిల్లలు కూడా దానితోనే అమ్మకూ నాన్నకూ రంగు వేయడం నేను పాతికేళ్లు చూశాను. జపాన్‌లోనూ ఒకప్పుడు ఆ కడ్డీ పేరు ‘హదాఇరో’, అంటే చర్మపు రంగే. 2000 సంవత్సరం ప్రాంతంలో అక్కడి ప్రధాన తయారీదారులు ఆ పేరు మానేసి లేత నారింజ అని పెట్టుకున్నారు. మీరు పిల్లలను మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చోబెట్టి ముందుగా సొంత ముంజేతిని గీయించండి. మూలరంగుగా గోధుమ, నీడకు నలుపు కాకుండా గోధుమ మీద నీలమో ఊదానో, వెలుగు పడిన చోట కొద్దిగా నారింజ వేయించండి. ముదురు చర్మం మీద వెలుగు నీటి మీద పడినట్లు మెరుస్తుంది కనుక ఆ మెరుపును వదిలేస్తే ముఖం బొగ్గుముద్ద అవుతుంది. ముఖంలోని గీతలు నల్లరంగుతో కాక చర్మం కంటె కాస్త ముదురు గోధుమతో వేస్తే, పెదవులకు ఎరుపు పూసే అవసరమే రాదు. గులాబీ కడ్డీని మాత్రం పారేయనివ్వకండి, అరచేయి గీసేటప్పుడు గోధుమలో కలపడానికి అది కావలసి వస్తుంది.