డబ్లిన్ వెళ్ళేలోపు ఒక్క పని చెయ్యి

సింధూ,

ఐరిష్ సాహిత్యంలో మాస్టర్స్‌కి ఆఫర్ లెటర్ వచ్చిందని నీ మెసేజ్ చూశానే, చాలా సంతోషం. ఆ వెంటనే అక్క ఫోన్ చేసి "అందరి పిల్లలూ డేటా అనలిటిక్స్‌కి వెళ్తుంటే ఇది అంత దూరం పోయి ఐర్లాండ్ వాళ్ళ కథలు చదువుతుందట, నువ్వే చెడగొట్టావ్ దాన్ని" అని గంటసేపు క్లాసు పీకింది. సర్లే, ఆ తిట్లు నేను పడతా. నువ్వు మాత్రం సెప్టెంబర్ లోపు ఐరిష్ భాష మొదలుపెట్టు. కోర్సంతా ఇంగ్లీషులోనే కదా పిన్నీ అంటావ్, నేనూ అక్కడికి చదవడానికి అలా అనుకునే వెళ్ళా.

నా డిసర్టేషన్ జె.ఎం. సింగ్ అనే ఐరిష్ రచయిత నాటకాల మీద (Synge అనే స్పెల్లింగ్ చూసి సింజ్ అనకు, నేను అని నవ్వులపాలయ్యా). ఒక నాటకంలో మొగుడు పోయాడని చెప్తూ ఒకావిడ "హీ ఈజ్ ఆఫ్టర్ డైయింగ్ ఆన్ మీ" అంటుంది. ఆ "ఆఫ్టర్"లో మృత్యువు నీడ ఉందీ, ఆ "ఆన్ మీ"లో బరువు ఉందీ అని పేజీన్నర దంచేశా. మా లెక్చరర్ అది చదివి నవ్వి, మా నాయనమ్మ టీ తాగినా ఇలాగే చెప్తుందమ్మా అన్నారు. ఐరిష్‌లో ఇప్పుడే ఒక పని చేశానని చెప్పాలంటే "చేసిన తర్వాత ఉన్నాను" అన్నట్టు చెప్తారు, జనం దాన్నే ఇంగ్లీషులో పెట్టుకున్నారు, అంతే. అలాగని సింగ్ తక్కువోడని కాదు, 1898 నుంచి ఐరిష్ మాట్లాడే ఆరన్ దీవులకి వెళ్ళి అక్కడి మాట పట్టుకున్నాడు, డబ్లిన్ పక్కన విక్లోలో ఉన్నప్పుడు నేల చీలికలోంచి కింద వంటింట్లో పనమ్మాయిల మాటలు వినేవాణ్ణని ఆయనే రాసుకున్నాడు. ఆయన విని ఏరుకున్నాడు, నేను అసలు వినకుండానే రాసేశా, తేడా అదీ.

నిజం చెప్తున్నా, తెలుగు వాళ్ళకి ఆ భాష మరీ కొత్తగా ఏం ఉండదు. "ఐ హ్యావ్" లాంటి క్రియ వాళ్ళకీ లేదు, పుస్తకం నా దగ్గర ఉంది అనే చెప్తారు. యస్, నో అని విడి మాటలు లేవు, తిన్నావా అంటే తిన్నా అన్నట్టు క్రియనే తిప్పి చెప్తారు. మాట మొదటి అక్షరం మారిపోతుందని తెల్ల పిల్లలు తల పట్టుకునేవాళ్ళు, నాకైతే స్కూల్లో బట్టీ పట్టిన గసడదవాదేశం గుర్తొచ్చింది. తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవ్వట్లేదా మనకి? బాడ్ అంటే పడవ, నా పడవ అనాలంటే "మొ వాడ్". రూల్స్ వేరేలే, కానీ చెవి అలవాటు పడుతుంది. స్పెల్లింగ్ మాత్రం ఏడిపిస్తుంది, నీవ్, షివాన్ అని పిలిచే పేర్లు కాగితం మీద చూస్తే నీకే తెలుస్తుంది. ఇంకోటి, అక్కడ భాషని గేలిక్ అనకు, ఐరిష్ అను.

భాష రాకపోతే ఏం పోతుందో ఒక్కటి చెప్తా. మార్టిన్ ఓ కైన్ రాసిన క్రే నా కిల్లె అనే ఐరిష్ నవల ఉంది, పడమటి ఐర్లాండ్‌లోని కొనెమరాలో శ్మశానంలో పాతిపెట్టిన వాళ్ళు మట్టికింద కూడా ఊరి గొడవలు తెంపకుండా తిట్టుకుంటూ ఉంటారు, అంతా మాటలే. 1949లో వస్తే ఇంగ్లీషు అనువాదం అచ్చయింది 2015లో. నేను చదివేటప్పుడు అది నాకు లేనట్టే. ఇంకా అక్కడి స్కూలు పిల్లలు 1937-39లో ఇళ్ళల్లో ముసలివాళ్ళని అడిగి రాసుకొచ్చిన కథలు, వైద్యాలు, సామెతలు అన్నీ డూకస్ అనే సైట్‌లో స్కాన్ చేసి పెట్టారు, ఫ్రీ. ఆ పిల్లల చేతిరాత ఇప్పట్నుంచే రాత్రిపూట చదువుకో.

టాపిక్ కోసం నవలలు రాసిన జేమ్స్ జాయిస్ మీద పడకు, ఆయన మీద రాసినవే లైబ్రరీ నిండా ఉన్నాయి. మదనపల్లె వైపు చూడు. జేమ్స్ కజిన్స్ అని డబ్లిన్ కవి, 1902లో ఆయన నాటకాలు అక్కడ ఆడారు, 1904లో జాయిస్ కొన్ని రాత్రులు వాళ్ళింట్లోనే తలదాచుకున్నాడు, ఆయనా భార్య మార్గరెట్టూ 1915లో ఇండియా వచ్చేసి తర్వాత మదనపల్లె కాలేజీకి చేరారు. 1919లో ఠాగూర్ అక్కడికొచ్చి జనగణమనని ఇంగ్లీషులోకి చేసింది, మార్గరెట్ ఆ పాటకి నొటేషన్ రాసింది అక్కడే. రెండు వైపులా తిరిగి చూడగలిగేది నీలాంటి పిల్లే. కిల్డేర్ స్ట్రీట్‌లో నేషనల్ లైబ్రరీ కార్డు మొదటి వారమే తీసుకో, డబ్బులేం అడగరు.

డబ్బంటే గుర్తొచ్చింది, ఈ చదువుకి పొలం తాకట్టు పెట్టి లోన్ తీసుకోవద్దు, అందులో మాత్రం అక్కే కరెక్ట్. ఐర్లాండ్ గవర్నమెంట్ స్కాలర్‌షిప్‌లో ఫీజు మాఫీతో పాటు 10,000 యూరోలు ఇస్తారు, అది రాకపోతే ఏడాది ఆగినా తప్పులేదు. టర్మ్‌లో వారానికి 20 గంటలే పని చెయ్యనిస్తారు, డబ్లిన్ అద్దెలకి అది ఏ మూలకీ చాలదు. మాస్టర్స్ అయ్యాక రెండేళ్ళు ఉండనిస్తారు కానీ లెక్చరర్ పోస్టులు అక్కడా అంతంతమాత్రమే.

అక్కతో నేను మాట్లాడతాలే. ఆదివారం ఫోన్ చెయ్యి, "మొ వాడ్" ఎలా పలుకుతున్నావో వింటా.

పిన్ని