వేసవిలో పచ్చికకు రోజూ నీరు పెట్టాలా?

గుంటూరులో ఇంటి ముందు పచ్చికకు ఎండాకాలంలో రోజూ నీరు పెట్టాలా అని అడిగారు, అక్కర్లేదు. ఇక్కడి నల్లరేగడి నేల తడిని చాలాకాలం పట్టి ఉంచుతుంది. పైగా, రోజూ పైపైన తడిపితే వేర్లు పైపొరలోనే ఉండిపోయి, మే నెల ఎండకు గడ్డి త్వరగా మాడిపోతుంది. నాలుగైదు రోజులకొకసారి, తెల్లవారుజామున, జానెడు లోతు వరకు తడి దిగేలా నెమ్మదిగా పెట్టండి. పుల్లను నేలలో గుచ్చి చూస్తే తడి ఎంతవరకు దిగిందో తెలుస్తుంది. నేల నెర్రెలిచ్చే దాకా మాత్రం ఆగకూడదు, ఎందుకంటే పెట్టిన నీరు వేర్లకు అందకుండా ఆ నెర్రెల్లోకి జారిపోతుంది. గడ్డిని మరీ పొట్టిగా కత్తిరించకండి. జూన్‌లో తొలకరి పడ్డాక, బాగా మాగిన పశువుల ఎరువును జల్లెడ పట్టి పలుచగా చల్లితే బిగిసిన నేల క్రమంగా గుల్లబారుతుంది. నా దృష్టిలో యూరియా కన్నా ఇదే ముఖ్యం. ముసురు పట్టిన రోజుల్లో నీరు పెట్టడం పూర్తిగా మానేయండి.